చిత్రం చేరవలసిన చోటు

గడిచిన క్షణాన్ని నిలుపుకోవాలనే కోరిక మనిషికి సహజమైనది. పలికిన మాట గాలిలో కలిసిపోతుంది. చూసిన ముఖం కాలంతోపాటు మారిపోతుంది. ఊరి రూపురేఖలు తరం తరానికీ వేరవుతాయి. అందుకే మనిషి రాతిపై చెక్కాడు, తాటాకుపై గంటంతో రాశాడు, గోడపై రంగులద్దాడు, కాగితంపై అచ్చువేశాడు. ఈ వరుసలో చాలా ఆలస్యంగా వచ్చి చేరినది ఛాయాచిత్రం. చిత్రాన్ని తీయడం ఒక పని. తీసిన చిత్రాన్ని భద్రమైన చోటికి చేర్చడం మరొక పని. మొదటిది రెప్పపాటులో ముగుస్తుంది. రెండవది ఓర్పును, క్రమాన్ని కోరుతుంది. డిజిటల్ కెమెరాలోని చిత్రాలను కంప్యూటరులోకి ఎక్కించడం పైకి అతి స్వల్పమైన విషయంగా కనిపిస్తుంది. కాని ఆ స్వల్పమైన పనిలో జరిగే అశ్రద్ధ వల్ల ఒక కుటుంబపు జ్ఞాపకం గాని, ఒక ప్రాంతపు చరిత్ర గాని తిరిగి దొరకకుండా పోవచ్చు.

ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు ఈ సంగతి కొత్తది కాదు. వంశధార, నాగావళి నదుల పరిసరాలలో ఎక్కడ చూసినా పూర్వుల ఆనవాళ్లు కనిపిస్తాయి. శ్రీముఖలింగంలో మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయాలు; శ్రీకూర్మంలో శాసనాలు నిండిన స్తంభాలు, గోడలపై వర్ణచిత్రాలు; శాలిహుండంలో బౌద్ధ స్తూపాలు; రామతీర్థం వద్ద కొండలపై బౌద్ధ, జైన శిథిలాలు; విజయనగరంలో 1713లో పునాది పడిన కోట. ఇవన్నీ రాతిలో నిలిచినవే. అయినా రాయి సైతం శాశ్వతం కాదు. సముద్రపు ఉప్పుగాలి, ఏటేటా కురిసే వానలు, నాచు, తెలియక పూసిన సున్నం, వేలాది చేతుల స్పర్శ కలిసి అక్షరాన్ని కొంచెం కొంచెంగా అరగదీస్తాయి. అరిగిపోయిన అక్షరాన్ని యథాతథంగా తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు. అది అరగకముందే నకలు తీసుకోవడం మాత్రమే మనిషి చేతిలో ఉన్న ఉపాయం.

ఈ ఉపాయపు విలువను బాగా ఎరిగినవాడు గిడుగు రామమూర్తి. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించాడు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన్ను తెలుగువారందరూ ఎరుగుదురు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. కాని శాసన పరిశోధకుడిగా ఆయన చేసిన కృషి అంతగా ప్రచారంలోకి రాలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న కాలంలో ఆయన ప్రాచీన లిపులను గురుముఖంగా కాక స్వయంకృషితోనే నేర్చుకున్నాడు. శ్రీముఖలింగ శాసనాలను చదివి, తూర్పు గాంగుల రాజధాని అయిన కళింగనగరం ఆ గ్రామమేనని ప్రతిపాదించాడు. 1919లో శాలిహుండం బౌద్ధక్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చాడు. అడవులలో, కొండలలో నివసించే సవరల భాషను నేర్చి, లిపి లేని ఆ భాషకు వ్యాకరణాన్ని, నిఘంటువును సమకూర్చాడు. ఈ పనులన్నింటిలోనూ ఒక సామాన్య లక్షణం ఉన్నది. ఉన్నచోట ఉండి నశించిపోయే దానిని నశించని చోటికి చేర్చడమే ఆ లక్షణం. రాతిమీది అక్షరం కాగితంమీదికి వచ్చింది. నాలుకమీది మాట పుస్తకంలోకి వచ్చింది.

శాసనానికి నకలు తీసే పద్ధతి ఎంతో జాగ్రత్తతో కూడుకున్నది. ముందు రాతిని శుభ్రంగా కడుగుతారు. తడిపిన కాగితాన్ని దానిపై పరచి, కుచ్చుతో మెల్లగా కొడుతూ అక్షరాల గుంటల్లోకి కాగితం దిగేటట్లు చేస్తారు. కాగితం కొంత ఆరిన తరువాత సిరా అద్దిన మెత్తను పైపైన తట్టుతారు. ఎత్తుగా ఉన్న రాతిభాగమంతా నల్లబడుతుంది. గుంటల్లో ఉన్న అక్షరాలు తెల్లగా తేలుతాయి. తరువాత కాగితాన్ని చిరగకుండా ఊడదీస్తారు. ఈ పనిలో మూడు నియమాలు ఉన్నాయి. నకలు తీసేటప్పుడు మూలానికి హాని కలగరాదు. తీసిన నకలును మూలంతో పోల్చి చూడాలి. అది ఏ ఊరిది, ఏ గుడిది, ఏ స్తంభానిది, ఏనాడు తీసినది అన్న వివరాలు దానిపైనే రాసిపెట్టాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా శ్రమంతా వృథా అవుతుంది. డిజిటల్ చిత్రాలకు కూడా ఈ మూడు నియమాలే వర్తిస్తాయి.

ఫిల్ము వాడుకలో ఉన్న రోజులలో చిత్రాల భద్రత మరో తీరుగా ఉండేది. పెళ్లికో, ఓణీల వేడుకకో, పరీక్ష దరఖాస్తుకో ఫోటో తీయించుకోవాలంటే పట్టణంలోని స్టూడియోకు వెళ్లేవారు. ఒక రీలులో సాధారణంగా 36 చిత్రాలు పట్టేవి. రీలు కొనడానికి, కడిగించడానికి, కాగితంపై అచ్చు వేయించడానికి వేరువేరుగా ఖర్చు అయ్యేది. అందువల్ల ప్రతి చిత్రాన్నీ ఆచితూచి తీసేవారు. కడిగిన తరువాత చేతికి అందే నెగటివే ఆ చిత్రానికి మూలం. ఆల్బమ్ పోయినా నెగటివు ఉంటే మళ్లీ చిత్రం వేయించుకోవచ్చు. కాబట్టి పెద్దలు నెగటివులను కవరులో పెట్టి, ఇనుప పెట్టెలో దస్తావేజులతోపాటు దాచేవారు. చేతితో పట్టుకోగల వస్తువు కనుక దాని విలువ అందరికీ తెలిసేది. డిజిటల్ చిత్రానికి అటువంటి వస్తురూపం లేదు. కంటికి కనిపించని దానిని కాపాడుకోవాలన్న ఆలోచన మనిషికి అంత తేలికగా కలగదు.

చిత్రాన్ని అంకెలుగా మార్చవచ్చునన్న ఊహ మొదట కెమెరాతో పుట్టలేదు, కంప్యూటరుతో పుట్టింది. 1957లో అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేస్తున్న రసెల్ కిర్ష్ ఒక ఛాయాచిత్రాన్ని యంత్రసాయంతో కంప్యూటరులోకి ఎక్కించాడు. అది అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలుగా విభజింపబడిన చిన్న చిత్రం. ఆ తొలి ప్రయత్నానికి ఆయన ఎంచుకున్నది ఏ రాజభవనాన్నో, ఏ మహానాయకుడినో కాదు. మూడు నెలల వయస్సుగల తన కుమారుని ముఖాన్ని. కంప్యూటరులోకి చేరిన మొదటి ఛాయాచిత్రం ఒక తండ్రి దాచుకున్న బిడ్డ బొమ్మ కావడం ఆలోచింపదగిన విషయం. ఆ తరువాత 1969లో విలార్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనే శాస్త్రవేత్తలు బెల్ ప్రయోగశాలలో వెలుగును విద్యుత్తుగా మార్చి గ్రహించే పరికరాన్ని రూపొందించారు. ఆ కృషికి వారికి 2009లో నోబెల్ బహుమానం లభించింది. 1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఆ జాతి పరికరాన్ని అమర్చి తొలి చేతి డిజిటల్ కెమెరాను తయారు చేశాడు. దాని బరువు దాదాపు మూడున్నర కిలోలు. అది ఒక్క చిత్రాన్ని క్యాసెట్టు టేపులోకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది.

కెమెరా అనే మాటకు లాటిన్ భాషలో గది అని అర్థం. చీకటిగదిలోకి సన్నని ద్వారం గుండా వెలుగు ప్రవేశించి ఎదుటి గోడపై పడటమే ఛాయాచిత్రకళకు మూలసూత్రం. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని ఉన్న అరసవల్లి సూర్యదేవాలయంలో ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజుల పాటు ఉదయకిరణాలు గర్భాలయంలోని స్వామిని తాకుతాయి. ఆ వెలుగు నిలిచేది కొద్ది నిమిషాలే. దానిని దర్శించాలని వేల మంది వేకువనే ఎదురుచూస్తారు. కెమెరాలో జరిగేది కూడా ఇటువంటి సంఘటనే. ద్వారం తెరుచుకున్న సెకనులో వందో వంతు కాలంలో వెలుగు లోపలికి వచ్చి, లక్షలాది సూక్ష్మమైన గ్రాహకాలను తాకి వెళ్లిపోతుంది. ఒక్కొక్క గ్రాహకంలో పడిన వెలుగునుబట్టి కొంత విద్యుదావేశం నిలుస్తుంది. దానిని కొలిచి అంకెగా మారుస్తారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోత పొరల సాయంతో రంగు కూడా అంకెగా మారుతుంది. వెలుగు వెళ్లిపోతుంది, అంకెలు మిగులుతాయి.

ఈ అంకెల రాశి చిన్నది కాదు. 2000 తరువాతి కాలంలో మధ్యతరగతి కుటుంబాలకు అందుబాటులోకి వచ్చిన మూడు మెగాపిక్సెళ్ల కెమెరాను ఉదాహరణగా తీసుకోవచ్చు. అడ్డంగా 2048, నిలువుగా 1536 చుక్కలు ఉంటే మొత్తం 31,45,728 చుక్కలు అవుతాయి. ఒక్కొక్క చుక్కకు మూడు రంగుల విలువలు రాయాలంటే ఒక చిత్రానికి సుమారు 94 లక్షల బైట్లు కావాలి. కెమెరాతోపాటు ఇచ్చే 16 మెగాబైట్ల కార్డులో అటువంటి చిత్రం ఒక్కటి మాత్రమే పడుతుంది. ఈ చిక్కును తీర్చినది 1992లో ప్రమాణంగా వెలువడిన జేపెగ్ పద్ధతి. దానికి ఆధారమైన గణితాన్ని బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు అనే ముగ్గురు 1974లో ప్రకటించారు. చిత్రాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, మనిషి కన్ను పట్టించుకోని సూక్ష్మభేదాలను వదిలివేసి, మిగిలినదానిని క్లుప్తంగా రాయడం ఈ పద్ధతి సారాంశం. అందువల్ల తొంభై నాలుగు లక్షల బైట్ల చిత్రం పది లక్షల బైట్లలో ఇమిడిపోగలిగింది. సామాన్యుని చేతికి డిజిటల్ కెమెరా రావడం వెనుక భారతీయుల మేధస్సు కూడా ఉన్నదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఇలా క్లుప్తీకరించిన చిత్రం కెమెరాలోని మెమరీ కార్డులో ఒక ఫైలుగా నిలుస్తుంది. కార్డులో కదిలే భాగాలేవీ లేవు. అతి సూక్ష్మమైన గదులలో ఎలక్ట్రాన్లను బంధించి ఉంచడం ద్వారా అది అంకెలను గుర్తుపెట్టుకుంటుంది. విద్యుత్తు ఆగినా ఆ ఎలక్ట్రాన్లు చాలాకాలం నిలుస్తాయి. కాని ఎల్లకాలం నిలవవు. పైగా కార్డు వేలిగోరంత వస్తువు. జారిపోవచ్చు, తడవవచ్చు, తుప్పు పట్టవచ్చు, మరొకరికి ఇచ్చి మరచిపోవచ్చు. అన్నింటికంటె ముఖ్యంగా, నిండిన కార్డును మళ్లీ వాడటానికి ఎవరో ఒకరు దానిని ఖాళీ చేయవలసి వస్తుంది. కాబట్టి కార్డు చిత్రాలకు నిలయం కాదు, మజిలీ మాత్రమే. కోసి నూర్చిన ధాన్యం కళ్లంలో రాశిగా ఉన్నంతమాత్రాన రైతు నిశ్చింతగా నిద్రపోడు. అది గాదెకు చేరేవరకు ఆకాశంకేసి చూస్తూనే ఉంటాడు. తుపానులు తరచుగా వచ్చే తీరప్రాంతపు రైతుకు ఈ జాగ్రత్తను వేరుగా చెప్పనక్కరలేదు. కార్డులోని చిత్రం కళ్లంలోని ధాన్యం వంటిది.

కార్డు నుంచి కంప్యూటరుకు చిత్రాలను చేర్చడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. కెమెరాను తీగతో కంప్యూటరుకు కలపడం మొదటిది. కార్డును బయటికి తీసి, కార్డు రీడరులో పెట్టి కలపడం రెండవది. మొదటి మార్గంలో కెమెరా బ్యాటరీ నిండుగా ఉండాలి; మధ్యలో ఆగిపోతే పని చెడుతుంది. రెండవ మార్గంలో ఆ చింత లేదు, వేగమూ ఎక్కువే. కాని కార్డును మెల్లగా, సరైన వైపునుంచి దూర్చాలి. ఈ రెండింటికీ తోడ్పడే యు.ఎస్.బి. ప్రమాణం 1996లో వెలువడింది. దాని రూపకర్తలలో ప్రముఖుడు అజయ్ భట్ గుజరాతులోని బరోడాలో చదువుకున్న ఇంజనీరు. తొలినాటి యు.ఎస్.బి. గరిష్ఠవేగం సెకనుకు 12 మెగాబిట్లు. 2000లో వచ్చిన రెండవ తరపు వేగం 480 మెగాబిట్లు. ఒక గిగాబైటు చిత్రాలను చేర్చడానికి లెక్క ప్రకారం మొదటిదానికి పదకొండు నిమిషాలకు పైగా పడితే, రెండవదానికి పదిహేడు సెకన్లు చాలు. ఆచరణలో ఇంతకంటె ఎక్కువ సమయమే పడుతుంది. అయినా ఆ తేడా ఎంత గొప్పదో ఈ అంకెలే చెబుతాయి.

యంత్రం వేగం పెరిగినా మనిషి పాటించవలసిన క్రమం మారలేదు. కార్డును కలిపిన తరువాత అందులో డీసీఐఎం అనే పేరుగల ఫోల్డరు కనిపిస్తుంది. చిత్రాలన్నీ దాని లోపల ఉంటాయి. వాటిని కంప్యూటరులోని మరొక ఫోల్డరుకు నకలు చేయాలి, తరలించరాదు. నకలుకూ తరలింపుకూ ఉన్న భేదం చాలా ముఖ్యమైనది. నకలు చేసినప్పుడు మూలం కార్డులోనే ఉంటుంది. తరలించినప్పుడు ఇక్కడ చేరినది చేరినట్లుగా అక్కడ చెరిగిపోతుంది. మధ్యలో కరెంటు పోతే కొన్ని చిత్రాలు సగం ఇటు, సగం అటు కాకుండా పోతాయి. నకలు పూర్తయిన తరువాత చిత్రాల సంఖ్య రెండుచోట్లా సమానంగా ఉన్నదో లేదో చూడాలి. కొన్నింటిని పూర్తి పరిమాణంలో తెరిచి చూడాలి. చిన్న బొమ్మ కనిపించినంత మాత్రాన చిత్రమంతా చేరినట్లు కాదు. ఆపైన కార్డును తీస్తున్నట్లు కంప్యూటరుకు తెలిపి, అది అనుమతించాకనే ఊడదీయాలి. తెరమీద పని ముగిసినట్లు కనిపించినా లోపల కొంత రాత మిగిలి ఉండవచ్చు.

పొరపాటున చిత్రాలు చెరిగిపోయినా వెంటనే నిరాశ చెందనక్కరలేదు. గ్రంథాలయపు పట్టికలో పేరు కొట్టివేసినంత మాత్రాన పుస్తకం బీరువాలోనుంచి మాయం కాదు. అదేవిధంగా ఫైలును చెరిపినప్పుడు సాధారణంగా కార్డు తన పట్టికలో ఆ పేరును మాత్రమే కొట్టివేస్తుంది. చిత్రపు అంకెలు యథాస్థానంలో ఉంటాయి. వాటిపై కొత్త చిత్రం వచ్చి పడేవరకు తిరిగి పొందే అవకాశం ఉన్నది. కాబట్టి అటువంటి సమయంలో ఆ కార్డుతో మరొక్క చిత్రం కూడా తీయకుండా పక్కన పెట్టి, తెలిసినవారికి చూపించాలి. కంగారులో చేసే రెండవ పని మొదటి పొరపాటుకంటె ఎక్కువ నష్టాన్ని కలిగిస్తుంది.

చిత్రాల పేర్ల విషయంలోనూ మెలకువ అవసరం. కెమెరా ప్రతి చిత్రానికీ కొన్ని అక్షరాలు, ఒక వరుససంఖ్య కలిపి పేరు పెడుతుంది. కార్డును ఖాళీ చేసిన తరువాత కొన్ని కెమెరాలు మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెడతాయి. అప్పుడు ఈ ఏటి సిరిమాను ఉత్సవపు చిత్రానికీ నిరుటి సంక్రాంతి చిత్రానికీ ఒకే పేరు పడుతుంది. రెండింటినీ ఒకే ఫోల్డరులో వేస్తే పాతదాని స్థానంలో కొత్తది కూర్చుంటుంది. ఫోల్డరుకు సంవత్సరం, నెల, తేదీ, ఊరు, సందర్భం వరుసగా పేరుగా పెట్టడమే దీనికి మంచి మార్గం. ప్రతి చిత్రంలోనూ తీసిన తేదీ, సమయం దాగి ఉంటాయి. అవి కెమెరా గడియారాన్నిబట్టి నమోదవుతాయి. బ్యాటరీ చాలాకాలం తీసివేసినప్పుడు ఆ గడియారం ఏదో పాత తేదీకి తిరిగిపోతుంది. తేదీ సరిచేయకుండా తీసిన చిత్రం తప్పుడు సాక్ష్యం చెప్పే సాక్షి వంటిది.

ఇంటింటా కంప్యూటర్లు లేని 2000 దశకంలో శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వంటి పట్టణాలలో ఇంటర్నెట్ కేంద్రాలు, ఫోటో స్టూడియోలు ఈ సేవను అందించేవి. పల్లెనుంచి బస్సెక్కి వచ్చిన యువకులు కార్డును అక్కడ ఇచ్చి, చిత్రాలను సీడీలోకి ఎక్కించుకొని వెళ్లేవారు. ఒక సీడీలో 700 మెగాబైట్లు పట్టేవి. అది అప్పట్లో గొప్ప నిధి. అయితే ఇంటివద్ద రాసుకునే సీడీలలో అంకెలను నిలిపేది ఒక రంగుపొర. ఎండకు, ఉక్కకు ఆ పొర చెడిపోతుంది. సీడీలను చదివే పరికరాలు కూడా కొత్త కంప్యూటర్లలో క్రమంగా అదృశ్యమైనాయి. ఆనాటి పెళ్లిళ్ల చిత్రాలు నేడు బీరువాలలో ఉన్నా చదివే దిక్కు లేక మూగబోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మరొక ప్రమాదం మర్యాదకు సంబంధించినది. పరాయి కంప్యూటరులో నకలు చేసిన చిత్రాలను చెరపకుండా వచ్చేస్తే, ఇంటి ఆడపిల్లల బొమ్మలు తెలియనివారి చేతికి చిక్కుతాయి. చిత్రాన్ని భద్రపరచడమంటే పోకుండా చూసుకోవడం మాత్రమే కాదు, పోరాని చోటికి పోకుండా చూసుకోవడం కూడా.

ఈ జాగ్రత్తలు ఎందుకో ఉద్దానం ప్రాంతపు ఒక ఇంటిని ఊహించుకుంటే బోధపడుతుంది. చుట్టూ కొబ్బరి, జీడి తోటలు. పెద్దకొడుకు చేపలవేటకు గుజరాతు తీరానికి వలస వెళ్లాడు. ఏడాదికొకసారి ఇంటికి వస్తాడు. తల్లికి కొడుకు ముఖం కనిపించేది ఎక్కువకాలం గోడమీది ఫోటోలోనే. ఆ ఇంటిలో తాతగారి బొమ్మ ఒకే ఒక్కటి ఉన్నది. అదీ మనుమరాలి పెళ్లిలో పదిమందితో కలిసి తీసినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు లెక్కకు మిక్కిలిగా కూలిపోయాయి. పైకప్పులు ఎగిరిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ గాయం మానకముందే ఈ దెబ్బ తగిలింది. చెట్టును మళ్లీ నాటవచ్చు. అది కాపుకు రావడానికి ఏళ్లు పట్టినా వస్తుంది. కప్పును మళ్లీ వేసుకోవచ్చు. తడిసి అతుక్కుపోయిన ఆల్బమ్‌లో తాతగారి ముఖం చెరిగిపోతే దానిని ఏ సహాయనిధీ తిరిగి ఇవ్వలేదు. కాని ఆ చిత్రపు నకలు ఒకటి విశాఖపట్నంలో చదువుకుంటున్న మనుమడి వద్ద ఉన్నట్లయితే, ఆ ముఖం మళ్లీ గోడకెక్కుతుంది.

దీనినుంచి ఒక సూత్రం ఏర్పడుతుంది. విలువైన ప్రతి చిత్రానికీ కనీసం మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు వేరువేరు రకాల సాధనాలలో ఉండాలి. వాటిలో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. ఛాయాచిత్రకారులు ప్రపంచమంతటా పాటించే నియమమిది. ఇంటి కంప్యూటరులో ఒకటి, విడిగా దాచిన హార్డుడిస్కులో ఒకటి, దూరాన ఉన్న బంధువు వద్ద ఒకటి ఉంటే తుపానైనా, దొంగతనమైనా, యంత్రదోషమైనా అన్నింటినీ ఒకేసారి తుడిచివేయలేదు. శాసనపు నకలుకూ, నెగటివునుంచి వేసిన ఫోటోకూ మూలంకంటె కొంత నాణ్యత తగ్గేది. డిజిటల్ నకలుకు ఆ లోపం లేదు. అంకెకు అంకె సరిపోయినప్పుడు నకలుకూ మూలానికీ భేదమే ఉండదు. పూర్వం నెగటివు ఒక్కటే ఉండేది. నేడు ప్రతి నకలూ నెగటివే. ఇంతటి సౌలభ్యం ఏ తరానికీ లభించలేదు. దానిని వినియోగించుకోకపోవడం బుద్ధిమంతుల లక్షణం కాదు.

ఈ సౌలభ్యం కుటుంబానికే పరిమితం కానక్కరలేదు. ఉత్తరాంధ్రలో కాపాడుకోవలసినవి ఎన్నో ఉన్నాయి. సవరలు తమ ఇళ్ల మట్టిగోడలపై ఆచారపూర్వకంగా చిత్రాలు వేస్తారు. గోడ అలికినప్పుడో, ఇల్లు కూలినప్పుడో అవి కనుమరుగవుతాయి. తప్పెటగుళ్ల కళాకారుల అడుగులు, పనసకర్రతో బొబ్బిలి వీణను మలిచే పనివాని చేతులు, పొందూరులో చేపదవడతో పత్తిని దువ్వే స్త్రీల నేర్పు, ఇవన్నీ కంటికి కనిపించే విద్యలు. ఒక జూనియర్ కళాశాల విద్యార్థి తన ఊరిలోని గుడిని, చెరువుగట్టును, పాత పెంకుటిండ్లను, వృద్ధ కళాకారులను చిత్రాలుగా తీసి క్రమంగా భద్రపరిస్తే, ఇరవై ఏళ్ల తరువాత అది ఆ ఊరి చరిత్రకు ఆధారమవుతుంది. అయితే ఎవరి చిత్రమైనా తీసేముందు వారి అనుమతి అడగాలి. నిషేధమున్న చోట కెమెరా ఎత్తరాదు. వారు కోరితే ఒక ప్రతిని వారికి అందజేయాలి. తీసుకువెళ్లి తిరిగి కనిపించనివాడు దొంగతో సమానమని పల్లె ప్రజలు భావిస్తే తప్పుపట్టడానికి లేదు.

ఎంత స్పష్టమైన చిత్రమైనా మాట లేకపోతే మూగదే. పాత ఆల్బమ్ తిరగేసినప్పుడు వరుసగా నిలుచున్న పెద్దలలో సగంమంది ఎవరో చెప్పగలవారు లేకపోవడం చాలా కుటుంబాలకు అనుభవమే. పేర్లు తెలిసిన అవ్వ జీవించి ఉండగా ఎవరూ అడగలేదు. ఆమె వెళ్లిపోయిన తరువాత అడగడానికి ఎవరూ లేరు. అందుచేత చిత్రాలను కంప్యూటరులోకి చేర్చిన రోజే వాటిలో ఉన్నవారి పేర్లు, ఊరు, సందర్భం ఒక చిన్న ఫైలులో రాసి అదే ఫోల్డరులో ఉంచాలి. పెద్దలను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క బొమ్మనూ తెరమీద చూపిస్తే వారు ఎన్నో విషయాలు చెబుతారు. ఒక సాయంత్రం అలా గడిపిన మనుమడికి బంధుత్వాలు, ఇంటిపేర్లు, పాత ఊసులు పాఠం చెప్పకుండానే వస్తాయి. యంత్రం తరాలను విడదీస్తున్నదని విచారించే వారికి ఇది మంచి సమాధానం.

కాలం మారింది. నేడు చాలామందికి ఫోనే కెమెరా. చిత్రాలు తీగ లేకుండానే దూరపు కంప్యూటర్లలోకి తమంతట తామే చేరుతున్నాయి. దీనివల్ల శ్రమ తగ్గింది, చింత తగ్గింది; ప్రమాదం మాత్రం పూర్తిగా తొలగలేదు. ఖాతా రహస్యపదం మరచిపోతే చిత్రాలన్నీ ఒక్కసారిగా తాళం వెనక్కి వెళ్తాయి. సందేశాలద్వారా పంపిన బొమ్మ చాలాసార్లు పరిమాణం తగ్గి, పెద్దదిగా అచ్చువేయడానికి పనికిరాకుండా పోతుంది. రోజుకు వంద బొమ్మలు తీసేవారికి వాటిలో ఏది విలువైనదో గుర్తించే తీరికే ఉండదు. 36 చిత్రాల రీలు నేర్పిన పొదుపును నేటివారు ఏరివేతలో చూపాలి. చెదరినవి, మరలమరల వచ్చినవి తీసివేసి, నిలుపుకోదగిన కొద్దింటిని పేరుపెట్టి దాచుకోవాలి. రాశికంటె వాసి మేలన్న మాట ఇక్కడ చక్కగా వర్తిస్తుంది.

గిడుగు రామమూర్తి ఎండలో నడిచి, రాతిముందు గంటల తరబడి కూర్చొని నకళ్లు సేకరించిన నాటికి ఈ సాధనాలేవీ లేవు. అయినా ఆయన చేతినుంచి ఒక నగరపు పేరు, ఒక బౌద్ధక్షేత్రం, ఒక జాతి భాష తరువాతి తరాలకు అందాయి. నేటి విద్యార్థి వద్ద సాధనానికి కొరత లేదు. కావలసినది పని పూర్తిచేసే గుణం మాత్రమే. తీసిన చిత్రాన్ని ఆ రాత్రే గూటికి చేర్చడం, సరిచూడటం, పేరు రాయడం, మరొక ప్రతిని వేరొక చోట ఉంచడం, ఇవి గంటలోపు ముగిసే పనులు. రేపు చేద్దామని వదిలిన ఆ గంటలోనే కార్డు జారిపోవచ్చు, వాన ముంచవచ్చు. వెలుగు ఒక్కసారే తాకి వెళుతుంది. అది విడిచిన జాడను భద్రంగా తరువాతివారికి అందించడం ఈనాటివారి బాధ్యత.